చొక్కా కాజాల విదేశీ వాణిజ్యం

ప్రాంతీయ ఆర్థికాభివృద్ధి మూడు దశల్లో జరుగుతుంది. మొదటి దశలో, ఎవరి ప్రమేయమూ లేకుండా హాయిగా జరిగిపోతున్న ఒక పనిని ప్రభుత్వం గుర్తిస్తుంది. రెండో దశలో ఆ పనిని మరింత సులభం చెయ్యాలని నిర్ణయిస్తుంది. మూడో దశలో, ఆ పని ఎందుకు ఆగిపోయిందో తేల్చడానికి ఒక సంఘాన్ని వేస్తుంది. ఇరుగు పొరుగు దేశాల విషయమైతే ఎవరి సంఘాన్ని వాళ్లు వేసుకుంటారు కాబట్టి అభివృద్ధి కూడా రెండింతలుగా ఉంటుంది.

ఈ సంగతి టైలరుకి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు, అతను పుట్టి పెరిగిన సందు అలాంటిది. రెండు దేశాల సరిహద్దు ఆ సందు మధ్యలో ఉన్న మురుగు కాలువ వెంబడి పోతుంది. కాలువకి ఇటు టైలరు కొట్టు, అటు వాళ్ల అక్క ఇల్లు. (అక్కని విదేశీ సంబంధానికి ఇచ్చారని చుట్టాలు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. పెళ్లికొడుకు తరఫువాళ్లు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు.) కూరగాయల బండి వస్తే దాని కుడి చక్రాలు ఒక దేశంలో, ఎడమ చక్రాలు ఇంకో దేశంలో దొర్లేవి. బేరం మాత్రం రెండు దేశాల ఆడవాళ్లూ కలిసే ఆడేవారు. కాలువ పొడుగునా నడుమెత్తున ఒక తాడు, ఆ తాడుకి ఒక కాపలాదారు ఉండేవాడు. కాపలాదారుని అందరూ గొడుగు అని పిలిచేవారు. ఎండైనా వానైనా ఆయన గొడుగు కింద కునికిపాట్లు పడుతూనే దేశాన్ని కాపాడాడు. ఆయన హయాంలో ఒక్క యుద్ధం రాలేదు.

టైలరు చొక్కాలు కుడతాడు, కాజాలు మాత్రం కుట్టడు. కాజాలంటే గుండీలు దూర్చే చిల్లులని ఎవరికైనా తెలుసు గానీ, తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే ముందే చెప్పి ఉంచడం మంచిది. వాళ్ల నాన్నా టైలరే. చిన్నప్పుడు అక్కా తమ్ముడూ ఒకే మిషను కోసం జుట్లు పట్టుకుంటుంటే ఆయనకి విసుగు పుట్టి, "మిషను వాడిది, సూది నీది, ఇక నా ప్రాణం తియ్యకండి" అని తీర్పు చెప్పాడు. ఆ తీర్పు మీద ఇద్దరూ అప్పీలుకి వెళ్లలేదు. తమ్ముడు కాజా కుట్టడం నేర్చుకోలేదు, అక్క మిషను ముట్టుకోలేదు. ఎప్పుడో ఒకసారి పట్టుదలకి పోయి టైలరు సొంతంగా ఒక కాజా కుడితే అది చేప నోరు తెరిచినట్టు వచ్చింది. అక్క కుట్టిన కాజా అలా కాదు. చొక్కా చిరిగిపోయి ఇల్లు తుడిచే గుడ్డ అయ్యాక కూడా దాని కాజాలు చెక్కుచెదరకుండా ఉండేవి.

కాబట్టి పొద్దున్నే టైలరు మూట కట్టి, తాడు పైకెత్తి, "అక్కా, కాజాలు!" అని కేకేసేవాడు. సాయంత్రానికి మూట తిట్లతో సహా తిరిగొచ్చేది. "కాలరు వంకరపోయింది, కళ్లు ఎక్కడ పెట్టుకున్నావురా" అని అక్క, "నీ దారం పీచులా ఉంది" అని తమ్ముడు. బావ సంపాదన బావ కబుర్లకే సరిపోయేది కనక అక్క ఇల్లు ఆ కాజాల మీదే నడిచేది. కాజాలు ఆగాయంటే అటు పొయ్యి ఆరిపోతుంది, ఇటు కొట్టు మూతపడుతుంది. వాళ్ల మధ్య ఉన్న ఆర్థిక సంబంధం మొత్తం ఇంతే, దీన్ని అర్థం చేసుకోవడానికి నిపుణులెవరూ అవసరం లేకపోయారు.

అందుకే నిపుణులు వచ్చారు. ఎక్కడో దూరాన ఉన్న నగరంలో, అంతకంటే దూరం నుంచి వచ్చిన వాళ్లు బల్ల మీద పటం పరిచి, ఇంత దగ్గరగా ఉన్న రెండు దేశాల మధ్య వాణిజ్యం ఎందుకు లేదని ఆశ్చర్యపోయారు. వాళ్ల పట్టికలో ఆ సందు దగ్గర సున్నా ఉంది. (లెక్కపెట్టేవాడు లేనిచోట ఏదైనా సున్నాయే.) సున్నాని చూసి ఇద్దరు మంత్రుల మనసూ కలత చెందింది. ఆ కలతలోంచి ‘ఇరుగుపొరుగు సత్వర వాణిజ్య సౌలభ్య ఒప్పందం’ పుట్టింది. దాని ప్రకారం చొక్కాల మీద సుంకాన్ని పూర్తిగా ఎత్తేశారు.

చొక్కాల మీద సుంకం ఒకటి ఉందని సందులో అప్పటిదాకా ఎవరికీ తెలీదు. ఎత్తేశారని వినగానే అందరికీ గాభరా పుట్టింది.

"లేనిదాన్ని ఎత్తేశారంటే, దాని బదులు ఇంకేదో దింపుతారండీ" అంది టైలరు భార్య, గుండీలు కుడుతూ. ఆ కొట్లో గుండీలు కుట్టడం ఆవిడ శాఖ.

"ఛ, మంచి జరుగుతుంటే అపశకునం మాట్లాడకు" అన్నాడు టైలరు.

మంచి చకచకా జరిగిపోయింది. సందు చివర ఇటువైపు ‘వాణిజ్య సులభతర కేంద్రం’ వెలిసింది. అటువైపు వాళ్లు ఊరుకుంటారా, ‘వాణిజ్య సరళీకరణ కేంద్రం’ కట్టారు. సులభతరం గొప్పదా, సరళీకరణ గొప్పదా అన్న విషయం మీద రెండు దేశాల మధ్య ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి. రెండింటికీ అద్దాల తలుపులు, చల్లగాలి యంత్రాలు, టోకెన్లు కక్కే డబ్బాలు పెట్టారు. వాణిజ్యానికి అడ్డుగా ఉందని తాడు తీసేశారు. దాని స్థానంలో తలకంటే ఎత్తైన ఇనుప కంచె వేసి, దానికి ఒక గేటు పెట్టారు. గొడుగుకి ‘సరిహద్దు రాకపోకల సమన్వయకర్త’గా పదోన్నతి ఇచ్చారు. గేటుకి పైకప్పు ఉంది కనక ఆయన గొడుగు వెనక్కి తీసుకున్నారు. పాపం, ఆ రోజునుంచీ ఆయనకి సరిగా నిద్ర పట్టడం లేదు.

సులభతర అధికారి మంచివాడు. ఇది ముందే చెప్పడం న్యాయం. గొంతు పెంచడు, ఎవర్నీ కసురుకోడు, ఎదుటివాడి కష్టం వింటే నిజంగా బాధపడతాడు. ఆయనే స్వయంగా కొట్టుకొచ్చి, ముక్కాలి పీట మీద కూర్చుని, టీ తాగాడు.

"ప్రారంభోత్సవానికి ఇద్దరు మంత్రులూ వస్తున్నారు. రెండు కేంద్రాల సిబ్బందీ ఒకే రంగు చొక్కాలు వేసుకోవాలని నిర్ణయించాం. స్థానిక పరిశ్రమకి ప్రోత్సాహం కింద ఆ చొక్కాలు మీరు కుట్టాలి. కాజాలు మీ అక్కగారు కుట్టాలి. చొక్కా మనది, కాజా వాళ్లది. ఇంతకంటే గొప్ప ఆర్థిక సహకారం ఇంకేముంటుంది?"

టైలరు ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. తను ఇన్నాళ్లూ చేస్తున్నది ఆర్థిక సహకారమని అతనికి అప్పుడే తెలిసింది.

"ఇది మన కేంద్రం గుండా పోయే మొట్టమొదటి సరుకు. ఇది సవ్యంగా వెళ్లొస్తే మీ పేరూ మీ అక్కగారి పేరూ గుర్తింపు పొందిన వర్తకుల పట్టీలో చేరతాయి. ఇక మీకు అడ్డే లేదు."

"చేరకపోతే అండీ?"

"చేరకపోతే మీరు మీ అక్కగారికి చొక్కా అందించడం దొంగ రవాణా కిందికి వస్తుంది" అన్నాడు అధికారి నొచ్చుకుంటూ. "అయినా అంతదూరం ఎందుకు వెళ్తాం? టీ బాగుంది."

టైలరు గుండెల్లో రాయి పడింది. ఆ రాయి అక్కడే ఉండగా చొక్కాలన్నీ కుట్టేశాడు. తన జీవితంలో అంత తిన్నగా కాలర్లు ఎప్పుడూ రాలేదు. మూట కట్టుకుని, పాత అలవాటు కొద్దీ కాలువ దాకా వెళ్లి, కంచె చూసి నాలిక కరుచుకుని, కేంద్రానికి నడిచాడు.

హాల్లో అతను తప్ప ఇంకో మనిషి లేడు. అయినా టోకెన్ తీసుకోమన్నారు. డబ్బా సరికొత్తది కావడంతో, పరీక్షకని నొక్కినప్పుడు కొన్ని టోకెన్లు ముందే వచ్చేశాయట. ఆ టోకెన్లవాళ్లని (అంటే లేనివాళ్లని) ఒక్కొక్కరినీ మైకులో మర్యాదగా పిలిచారు. రాకపోతే మళ్లీ పిలిచారు. అప్పటికీ రాకపోతే గైర్హాజరు రాసుకున్నారు. ఆ తర్వాత టైలరు వంతు వచ్చింది.

"మీ ఫోన్లో ‘సుగమం’ యాప్ దించుకోండి. ఓటీపీ వస్తుంది, అది చెప్పండి, అంతే పని" అన్నాడు అధికారి ప్రోత్సాహంగా.

టైలరు ఫోను చూసుకున్నాడు. ‘పొరుగు దేశానికి స్వాగతం! మీ ప్రయాణం సుఖంగా సాగాలి’ అని ఉంది. కేంద్రం కట్టిన చోట పక్కదేశం టవరే గట్టిగా పట్టుకుంటుంది. సొంత దేశం సిగ్నలు కావాలంటే తన డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన, మొహం గోడకి పెట్టి నిలబడాలి. పరుగెత్తుకెళ్లి ఎక్కాడు, ఓటీపీ వచ్చింది. పరుగెత్తుకొచ్చి చెప్పాడు, గడువు తీరిపోయింది. రాకపోకలతో తల ప్రాణం తోకకొచ్చాక, ఫోను భార్యకిచ్చి డాబా ఎక్కించాడు. ఆవిడ ట్యాంకు పక్కన నిలబడి అంకెలు గొంతెత్తి అరిచింది, ఇతను కేంద్రం గుమ్మంలో నిలబడి అందుకున్నాడు. (ఓటీపీ ఎవరికీ చెప్పరాదని యాప్‌లో ఎర్రటి అక్షరాలతో ఉంది. రెండు దేశాలవాళ్లూ విన్నారు.)

తర్వాత చొక్కా మూలం తేల్చాలన్నారు. సుంకం లేదన్న సౌకర్యం మన దేశపు చొక్కాకే గాని, ఎక్కడ పుట్టిందో తెలియని అనాథ చొక్కాకి కాదు.

"గుడ్డ ఎక్కడిది?"

"ఇక్కడే కొన్నానండి."

"దారం?"

"దారం మా అక్క ఇస్తుందండి. అటుపక్క చవక."

అధికారి కలం ఆగిపోయింది. "అంటే ఈ చొక్కా పొరుగు దేశానికి వెళ్లకముందే ఇందులోకి పొరుగు దేశం వచ్చేసింది."

"దారమేగా అండీ."

"దారం తీసేస్తే ఏం మిగులుతుంది?"

చివరికి, దారం ఎక్కువ పట్టింది చేతులు అతికించే చోటనే కాబట్టి, ఈ చొక్కాలు చేతులు మినహా స్వదేశీవని ధ్రువపత్రం ఇచ్చారు. చేతులకి విడిగా దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టుకున్నాడు.

సరుకు సరిహద్దు దాటాలంటే సీలు వేసిన వాహనంలోనే దాటాలని నిబంధన. కేంద్రం వారి వ్యాను వచ్చింది. సందు వెడల్పూ వ్యాను పొడుగూ ఇంచుమించు ఒకటే. గేటులో అడ్డంగా నిలబెడితే దాని ముక్కు ఆ దేశంలో, తోక ఈ దేశంలో ఉన్నాయి. వెనక తలుపు ఇక్కడ తీసి మూట లోపల పెట్టారు, సీలు వేశారు. అది కదలక్కర్లేదు, కదల్లేదు కూడా. అయినా డ్రైవరు బెల్టు పెట్టుకుని హారను కొట్టాడు. గొడుగు పచ్చజెండా ఊపాడు. అటుపక్క సరళీకరణ అధికారి ముందు తలుపు తీయించి, సీట్ల మీంచి మూట లాగించి, సరుకు క్షేమంగా చేరిందని రాసుకున్నాడు. కంచె అవతల అక్క చీరకొంగు నడుముకి చుట్టి ఇదంతా చూస్తోంది.

"ఇంత చిన్నదానికి ఇంత బండి ఎందుకురా?" అంది.

"ఆర్థిక సహకారమక్కా" అన్నాడు తమ్ముడు.

అక్క చూపు మూట మీదికి పోయింది. అదే మూట, అదే ముడి. తీసుకెళ్లి కుట్టేసింది. ఆవిడ చేతికి ఆలస్యం అనేది తెలీదు.

ఇబ్బంది తిరుగు ప్రయాణంలో వచ్చింది. సులభతర అధికారి మూట విప్పి, ఒక చొక్కా వెలుతురుకి ఎత్తి పట్టి, మొహం మ్లానమయ్యేదాకా చూశాడు. వస్తు వర్గీకరణ పుస్తకం తెరిచి, టైలరు వైపు తిప్పి చూపించాడు. ‘చిల్లులు గల వస్త్రములు: పాడైన సరుకు. ప్రవేశము లేదు.’

"అవి కాజాలండీ!"

"నాకు తెలుసు. మీకు తెలుసు. పుస్తకానికి తెలియాలి కదా. వెళ్లేటప్పుడు ఒక్క చిల్లూ లేని సరుకు, వచ్చేటప్పుడు నిలువునా చిల్లులతో వచ్చింది. నేను సంతకం పెడితే, పొరుగు దేశం మన చొక్కాలకి చిల్లులు పెట్టి పంపితే ఊరుకున్నానని రేపు నన్నడుగుతారు."

సరుకు వెనక్కి వెళ్లింది. (వ్యాను కదల్లేదు.) అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కంచె ఊచలు పట్టుకుని నిలదీసింది.

"నా కాజాలు పాడైన సరుకా?"

"నేనన్లేదక్కా, పుస్తకం అంది."

"పుస్తకం చొక్కా వేసుకుంటుందా?"

"అధికారిగారు వేసుకుంటారు."

"అయితే ముందు ఆయన చొక్కా ఆయన్ని చూసుకోమని చెప్పు."

టైలరు వెళ్లి, మాటలు కాస్త మెత్తబరిచి చెప్పాడు. అధికారి తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. పైనుంచి కిందిదాకా చిల్లులే ఉన్నాయనీ, ఇన్నేళ్లుగా తను వాటిని రోజూ పొద్దున్నే సొంత చేతులతో గుండీలు పెట్టి కప్పిపుచ్చుతున్నాడనీ గ్రహించాడు. మనిషి మంచివాడని చెప్పాను కదా, నిజాయితీగా ఆ సంగతంతా రాసి పైవాళ్లకి పంపాడు.

పైవాళ్లూ ఆలోచించే మనుషులే. జవాబు వచ్చింది. గుండీ ఉన్న చిల్లుని కాజాగా పరిగణించవచ్చుననీ, గుండీ లేని చిల్లు చిల్లేననీ, కనుక ప్రతి కాజాతోనూ దాని గుండీ కూడా కలిసి ప్రయాణించాలనీ అందులో ఉంది.

గుండీలు ఇటుపక్క టైలరు భార్య దగ్గరున్నాయి. వాటిని డబ్బాలో పోసి ఎగుమతి చేశారు. చొక్కా లేకుండా ఇన్ని గుండీలు ఎందుకొస్తున్నాయని సరళీకరణ అధికారికి అనుమానం వచ్చింది. (గొడుగు చెప్పడం ఏమిటంటే, ఆయన కూడా మంచివాడేనట.) చొక్కాలతో కలిసి వస్తేనే గుండీలని రానిస్తానన్నాడు. చొక్కాలు గుండీల కోసం ఇటు రావాలంటే అవి ఇంకా పాడైన సరుకే. అందుకని ‘పాడైన సరుకు మరమ్మతు నిమిత్తం తాత్కాలిక ప్రవేశం’ కింద చొక్కాలు ఇటు వచ్చాయి, గుండీలతో కలిశాయి, అటు వెళ్లాయి, మళ్లీ ఇటు వచ్చాయి. గుండీ కుట్టి ఉండాలా, పక్కన ఉంటే చాలా అని సందేహం రావడంతో ఇంకోసారి వెళ్లొచ్చాయి. చేతుల దరఖాస్తు మీద కూడా జవాబు రావడంతో చేతుల కోసం ఒకసారి వెళ్లొచ్చాయి. వెళ్లిన ప్రతిసారీ ఇక్కడ ఎగుమతి రాసుకున్నారు, వచ్చిన ప్రతిసారీ అక్కడ ఎగుమతి రాసుకున్నారు. డ్రైవరు ప్రతిసారీ బెల్టు పెట్టుకున్నాడు.

చివరి మెట్టుగా, గుండీ కాజాలో పడుతుందో లేదో ఇరు దేశాలూ కలిసి తేల్చాలన్నారు. ఇటు సులభతర అధికారి, అటు సరళీకరణ అధికారి కంచెకి చెరోవైపు నిలబడ్డారు. చొక్కా గుండీల పక్క ఈయన పట్టుకున్నాడు, కాజాల పక్క ఆయన పట్టుకున్నాడు. ఊచల సందులోంచి వేళ్లు దూర్చి, చెమటలు కక్కుతూ, ఒక గుండీ పెట్టారు. పట్టింది. ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఊచల మధ్య నుంచే చేతులు కలుపుకున్నారు. ఉభయ దేశాల మధ్య సైన్యం సాయం లేకుండా జరిగిన మొదటి సంయుక్త విన్యాసం అదేనని తర్వాత పత్రికల్లో రాశారు.

చొక్కా ఇప్పుడు కంచెకి గుండీ పెట్టి ఉంది. దాన్ని విప్పడానికి మళ్లీ ఇద్దరి సంతకాలూ కావలసి వచ్చాయి.

ఇలా అన్ని అడ్డంకులూ తొలిగి, సరుకు వ్యాను ఎక్కి, ఇక ఆఖరి ముద్ర ఒక్కటే మిగిలిన రోజు ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవం సందర్భంగా కేంద్రానికి సెలవు ఇచ్చారు. వ్యాను గేటులో అడ్డంగా, చొక్కాలతో సహా, రెండు దేశాల్లోనూ నిలబడి ఉంది. దాని మీద పూలదండలు వేశారు.

సిబ్బంది అందరూ కొత్త చొక్కాల్లో తళతళలాడుతూ వచ్చారు. టైలరు తెల్లబోయాడు. రంగు అదే, కొలతలు సుమారుగా అవే, కుట్టు మాత్రం తనది కాదు. అడిగితే సులభతర అధికారి చెవిలో చెప్పాడు.

"ఎక్కడో సముద్రాల అవతల దేశం నుంచి తెప్పించాం. ఆలస్యమవుతుందేమోనని ముందు జాగ్రత్తగా చెప్పి ఉంచాను, మీరేమీ అనుకోవద్దు. ఒక్క కాగితంతో వచ్చేశాయి."

"వాటి కాజాలు ఎవరూ చూడలేదా అండీ?"

"ఎందుకు చూస్తారు? ఒప్పందం ఇరుగు పొరుగు దేశాలకే కదా."

మంత్రులు మాట్లాడారు. ఒకప్పుడు సున్నా ఉన్న ఈ సందులో ఎగుమతులు ఆకాశాన్నంటాయని ఒకరూ, దిగుమతులు కూడా అంటాయని ఒకరూ ప్రకటించి, పైకి ఎగబాకే గీత ఒకటి తెర మీద చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. టైలరూ కొట్టాడు. ఆ గీతలో ఉన్నదంతా తన మూట ఒక్కటేనని అతనికి తోచింది గానీ, అందరి ముందూ ఆ మాట అనడం మర్యాదగా ఉండదనిపించింది. ఇటుపక్క ఉత్తమ ఎగుమతిదారుగా టైలరుకి ఒక అద్దాల జ్ఞాపిక ఇచ్చారు. అటుపక్క ఉత్తమ ఎగుమతిదారుగా అక్కకీ ఒకటి ఇచ్చారు. కుర్చీలు సర్దేసే వేళకి ఇద్దరూ చంకలో జ్ఞాపికలతో కంచె దగ్గర కలుసుకున్నారు.

"నీకిచ్చిందీ ఇదేనా?" అంది అక్క.

"ఇదే."

"ఏం చేసుకోవాలిరా దీన్ని?"

అక్క మొహం వాడిపోయి ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి తిట్టే మనిషి, తిట్టడం మానేసి మెల్లగా మాట్లాడుతుంటే టైలరుకి భయమేసింది.

"నెలంతా ఈ చొక్కాలతోనే సరిపోయింది. వేరే కాజా ఒక్కటి కుట్టలేదు. మీ బావ ఊళ్లో అందరికీ నేను విదేశీ వ్యాపారం చేస్తున్నానని చెప్పుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో డబ్బాలన్నీ దులిపేశాను. ఇంకెన్నాళ్లురా ఇలా?"

అతనికి దుఃఖం ముంచుకొచ్చింది. చిన్నప్పుడు మిషను తనకే దక్కిందని గంతులేసిన సంగతి తలచుకుంటే సిగ్గేసింది. "రేపు వెళ్లి ఆ పట్టీలో మన పేర్లు ఎక్కించే వస్తానక్కా, చూడు" అన్నాడు.

మర్నాడు తలుపులు తెరవకముందే వెళ్లి నిలబడ్డాడు. సులభతర అధికారి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించాడు.

"సరుకు సకాలంలో అందలేదన్న మాట నిజమే. కానీ తప్పు మీది కాదు, వ్యవస్థది. వ్యవస్థని మేం క్షమించేశాం. మీ పేరూ, మీ అక్కగారి పేరూ ఇవాళే ఎక్కించేస్తాను."

టైలరు లేచి దణ్ణం పెట్టబోయాడు.

"ఒక్క చిన్న విషయం ఉంది. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ చుట్టరికం ఉండకూడదని ఒప్పందంలో ఉంది. చుట్టాలైతే అభిమానం కొద్దీ ధర అటూ ఇటూ చేస్తారు, సరుకు అసలు విలువ తేలదు. ఉదాహరణకి, మీ అక్కగారు కాజాకి మీ దగ్గర ఎంత తీసుకుంటారు?"

"నా చేతిలో ఉంటే తీసుకుంటుందండి. గిరాకీ లేని రోజుల్లో అసలు తీసుకోదు."

అధికారి కలం కింద పెట్టేశాడు. ఆయన మొహంలో నిజమైన బాధ కనిపించింది.

"చూశారా? ఇన్నేళ్లుగా మీ అక్కగారు తీసుకోని డబ్బు వల్ల ఈ ప్రాంతం ఎంత అభివృద్ధి నష్టపోయిందో లెక్కకి కూడా అందదు."

సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ‘బంధుత్వ రాహిత్య ధ్రువీకరణ.’ ఇరుపక్షాలూ తమకి ఎలాంటి చుట్టరికమూ లేదని రాసిస్తే చాలు, పట్టీలో చేరిపోతారు. మూట రోజూ వెళ్తుంది, రోజూ వస్తుంది. రాసివ్వకపోతే ఏమవుతుందో ఆయన నోటితో చెప్పలేకపోయాడు. ఆయన మంచివాడు.

టైలరు ఆ కాగితం పట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. అక్క అప్పటికే అక్కడ నిలబడి ఉంది. సరళీకరణ అధికారి పొద్దున్నే ఆవిడ ఇంటికి వెళ్లి, అలాంటి కాగితమే ఇచ్చి, దగ్గరుండి పూర్తి చేయించాడట.

"నేను సంతకం పెట్టేశానురా" అంది.

"అక్కా!"

"ఏం, అలా చూస్తావు? నీ ముక్కు చీది, నీ లాగు కట్టి బడికి పంపింది నేను. కాగితం కాదన్నంత మాత్రాన కాకుండా పోతానా? పొయ్యి వెలగాలి. రాసిచ్చెయ్."

గొంతు ఎప్పటిలాగే కరుగ్గా ఉంది. కానీ చెబుతున్నంతసేపూ ఆవిడ తమ్ముడి మొహం చూడలేదు. కంచె ఊచ మీద తుప్పు గోటితో గీకుతూనే ఉంది.

టైలరు తిరిగొచ్చి హాల్లో బల్ల ముందు కూర్చున్నాడు. పేరు రాశాడు, వృత్తి రాశాడు. మూడో గడిలో ‘ఎదుటి పక్షంవారు మీకు ఏమవుతారు’ అని ఉంది. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ‘ఏమీ కారు’ అని రాయాలని అధికారి అప్పటికే చెప్పాడు. రెండే మాటలు. రాయబోతే కలం సాగలేదు. కళ్లు తుడుచుకుని, ‘పొరుగు దేశం’ అని రాసిచ్చాడు.

ఒక్క అభ్యంతరమూ లేకుండా ఆ కేంద్రంలో ఆమోదం పొందిన మొట్టమొదటి పత్రం అదే.